పేరిణి: బరి నుంచి వేదిక దాకా

హిప్ హాప్ వాళ్ళు 'బ్యాటిల్' అంటే అందులో కత్తులుండవు. జనం గుండ్రంగా నిలబడతారు. మధ్యలోకి ఒకడు దూకి, నేల మీద చేతులాన్చి గిర్రున తిరుగుతాడు. వాడు లేచేసరికి ఎదుటివాడు తయారుగా ఉంటాడు. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిన ఆట ఇది. ఫిలడెల్ఫియా కుర్రాడు రెన్నీ హారిస్ 1992లో 'ప్యూర్‌మూవ్‌మెంట్' అనే బృందం పెట్టి, 2000లో రోమియో జూలియట్ కథను 'రోమ్ అండ్ జ్యువెల్స్' పేరుతో ఆడించాడు. రెండు ఇళ్ళ పగ అక్కడ రెండు డాన్సు గుంపుల పోటీ అయింది. బ్యాటిల్ పోలేదు, నాటకంలోకి వచ్చి కూర్చుంది.

దీన్ని గురించి చదువుతుంటే నాకు పేరిణి గుర్తొచ్చింది. మాది దేవరుప్పుల. పోరాటమంటే మాకు ముందు గుర్తొచ్చేది మా మండలంలోని కడవెండి, 1946 జూలై 4, దొడ్డి కొమరయ్య. ఆ తర్వాతే కాకతీయులు. పేరిణి గురించి చిన్నప్పటి నుంచీ విన్నది ఒకటే మాట: సైనికులు యుద్ధానికి పోయే ముందు శివుడి ఎదుట ఆడేది. బరి నుంచి వేదికకు వచ్చిన ఆట మనకూ ఉందని సంబరపడ్డాను.

కానీ పాత శాస్త్రాలు తిరగేస్తే కథ అంత నున్నగా లేదు. 13వ శతాబ్దంలోనే దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో 'పేరణి' ఉంది. ఒంటికి తెల్లటి పూత, గుండు మీద ఒక్క జుట్టు, పిక్కలకు మువ్వలు. దానికి ఐదు అంగాలు: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారం, గీతం. మువ్వల లయ, ఎగిరి దూకే గంతులు, నవ్వించే అనుకరణ, పొగడ్త, పాట అన్నమాట. సైన్యం ఊసు లేదు! సభను ఒక్కడే గుప్పిట్లో పెట్టుకునే ఆటగాడు కనిపిస్తాడు. నన్నడిగితే వాడు సిపాయి కన్నా ఆ బ్రాంక్స్ కుర్రాడికే దగ్గర చుట్టం.

మన దగ్గర గణపతిదేవుడి గజసేనాపతి జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. సేనాని రాసిన పుస్తకం, రేచర్ల రుద్రుడనే మరో సేనాని 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి. యుద్ధం మాట పేరిణికి ఇంతగా అతుక్కోవడానికి ఈ ఇద్దరూ కొంత కారణమేమో అని నా అనుమానం.

ఈనాటి పేరిణి నటరాజ రామకృష్ణ (1923-2011) గారిది. జాయప గ్రంథం, రామప్ప శిల్పాలు ముందు పెట్టుకుని ఆయన దాన్ని నిలబెట్టారు. అందరూ 'పునరుద్ధరించారు' అంటారు. ఆ మాట నాకు నచ్చదు, ఆయన పనిని తక్కువ చేస్తుంది. హారిస్‌కు కళ్ళ ముందు ఆడే మనుషులున్నారు, వాళ్ళలో తనూ ఒకడు. రామకృష్ణ గారి ముందున్నవి సంస్కృత శ్లోకాలు, రాళ్ళు. నేను చూసిన ప్రదర్శనల్లో వరసలు కట్టిన మగవాళ్ళు, మృదంగం, ఒక్కసారిగా నేలను తాకే పాదాలు ఉన్నాయి, ఒళ్ళు జలదరించింది. భావాశ్రయంలోని నవ్వు మాత్రం ఎక్కడా దొరకలేదు. వీరుడి కథ బలపడ్డాక కోణంగికి చోటు లేకుండా పోయినట్టుంది.

రామప్ప గుడిలో స్తంభాల మీది నర్తకులను దగ్గరగా చూడండి. ఒక్కో రాయిలో ఒక్క భంగిమే ఉంటుంది. కాలు ఎలా లేచిందో, ఎక్కడ దిగుతుందో అందులో ఉండదు. ఆ మధ్యలోదంతా రామకృష్ణ గారు కూర్చిందే.