నాకు రాదంటూనే రాసిన వాళ్ళు



తిరుమల వెళ్ళినప్పుడు మీలో చాలామంది అక్కడ అన్నప్రసాదం తినే ఉంటారు. ఆ పెద్ద భవనానికి ఎవరి పేరు పెట్టారో గుర్తుందా? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ. పేరు చదువుతాం, ఆకు ముందు కూర్చుంటాం, కడుపునిండా తిని బయటికి వచ్చేస్తాం. ఆమె పాటలూ నాటకాలూ కావ్యాలూ రాసిన మనిషని మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. ఓనమాలు కూడా గురువు దగ్గర కూర్చుని నేర్చుకోలేదని ఆమే స్వయంగా రాసుకుందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

ఈ నెల ఆమె గురించి, ఆమెలాంటి మరికొందరి గురించి చెప్పుకుందాం. కారణం ఉంది. మన గ్రూపుల్లో పాట కట్టాలని మనసులో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. బతుకమ్మకో, సంక్రాంతికో, ఎవరి సీమంతానికో నాలుగు లైన్లు రాస్తారు. వాయిస్ మెసేజ్ పెడతారు. రెండు నిమిషాల్లో డిలీట్ చేసేస్తారు. ఏమైంది అని అడిగితే "బాలేదక్కా, ఏదో పిచ్చి రాత" అంటారు. సంగీతం రాదు, తెలుగు టెన్త్‌తోనే ఆగిపోయింది, ఈ వయసులో మనకెందుకు అంటారు. నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్‌లో రాసుకున్న పల్లవి ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ మారితే అదీ పోతుంది.

ఈ "నాకేం వచ్చు" అన్న మాట మనతో మొదలైంది కాదు. దానికి మన భాషలో వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

వెంగమాంబ సుమారు 1730లో తరిగొండలో పుట్టింది. చిత్తూరు సీమలో గుర్రంకొండ, వాయల్పాడు వైపు ఊరు అది. గల్ఫ్‌లో ఉన్న మన ఆడవాళ్ళలో రాయచోటి, మదనపల్లె, రాజంపేట వైపు వాళ్ళు ఎంతమందో కదా, వాళ్ళ సొంత సీమ మనిషే ఈమె. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి తల గొరిగించి ఓ మూల కూర్చోబెట్టేవాళ్ళు. ఆమె అందుకు ఒప్పుకోలేదని, ఊరివాళ్ళతో ఎన్నో మాటలు పడిందని ఆమె కథ చెప్పే వాళ్ళందరూ చెబుతారు. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులనే గురువు దగ్గర ఉపదేశం పొందింది. తర్వాత తిరుమల చేరి, 1817లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది.

ఆమె రాసిన వరస చూడండి. మొదట తన ఊరి నరసింహస్వామి మీద ఒక శతకం. తర్వాత శివ నాటకం, బాలకృష్ణ నాటకం లాంటి యక్షగానాలు. అంటే పాడుకుంటూ ఆడే కథలు. పెద్ద పెద్ద రచనలు, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం లాంటివి, తిరుమల వెళ్ళిన తర్వాతవి. మొదటి రోజే ఎవరూ భాగవతం మొదలుపెట్టరు. ముందు తెలిసిన ఊరు, తెలిసిన దేవుడు, చేతికందే పని.

ఆమె రచనల్లోనే ఆ మాట ఉంది. చిన్నప్పుడు తనకి గురువుల దగ్గర చదువు లేదని, ఛందస్సు నేర్చుకోలేదని, కావ్యాలూ నాటకాలూ చదివిన దాన్ని కానని చెప్పుకుంది. నాచేత పలికించేది తరిగొండ నరసింహుడే అని భారం ఆయన మీద వేసింది. అలా చెప్పి కలం కింద పెట్టేయలేదు, ఆ తర్వాతి పద్యం రాసింది. ఇప్పటికీ తిరుమలలో రాత్రి ఏకాంత సేవ వేళ ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే జరుగుతోంది. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అనే నానుడి మీలో కొందరు వినే ఉంటారు.

ఆమెకి చాలా ముందే మొల్ల ఉంది. గోపవరం కేసన కూతురు. ఎక్కువమంది ఆమెది 16వ శతాబ్దం అంటారు. ఆమె కూడా రామాయణం మొదట్లో అదే పని చేసింది. వ్యాకరణం తెలియదు, నిఘంటువులు తెలియవు, ఛందస్సు తెలియదు అని ఒక జాబితా ఇచ్చింది. తర్వాత ఎనిమిది వందల పైచిలుకు పద్యగద్యాలతో రామాయణం పూర్తి చేసింది.

మీకో అనుమానం రావచ్చు. ఇదంతా పాతకాలం కవుల మర్యాద కదా, మగకవులు కూడా మేం అల్పులం అని రాసుకునేవాళ్ళు కదా అని. నిజమే, ఆ మర్యాద ఉంది. కానీ గురువు ముందు కూర్చుని పదేళ్ళు చదివిన పండితుడు నాకేమీ రాదంటే అది వినయం. ఆడపిల్లని బడికే పంపని కాలంలో వెంగమాంబ నాకు ఓనమాలు నేర్పలేదంటే అది జరిగిన విషయం. మాట ఒకటే అయినా బరువు వేరు.

నాకు వాళ్ళిద్దరి దగ్గర నచ్చేది ఇదే. అనుమానం పోయేదాకా ఆగలేదు. దానికీ పీఠికలో ఒక పీట వేశారు. నువ్విక్కడ కూర్చో, నేను లోపల పని చూసుకుంటా అన్నట్టు. మనం చేసేది తిరగేసి చేస్తాం. అనుమానాన్ని వంటింట్లో కూర్చోబెట్టి మనం గుమ్మం దగ్గర నిలబడతాం.

మొల్ల ఇంకో మాట కూడా చెప్పింది. తేనె నాలుక మీద పడగానే నోరు తియ్యబడినట్టు, పద్యం వినగానే అర్థం తెలియాలట. అర్థం కాని మాటలు పేరిస్తే అది మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ ముచ్చట్లాడుకున్నట్టు ఉంటుందట. చదువు లేదు కాబట్టి ఇలా అంటోంది అనుకోకండి. తెలిసిన మాటల్లో చెప్పడమే తన పద్ధతి అని గట్టిగా నిలబడింది. పెద్ద పెద్ద మాటలు రావడం లేదని పాట ఆపేసినవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పిల్లని అమ్మ దగ్గర వదిలి ఇక్కడికి వచ్చిన ఒక చెల్లెలు వీడియో కాల్‌లో పాడటానికి సొంతంగా జోలపాట మొదలుపెట్టింది. మంచి తెలుగు రాదని చరణం దగ్గర ఆగిపోయింది. మూడేళ్ళ పిల్లకి గ్రాంథికం ఎందుకు తల్లీ? మీ ఇంట్లో మాట్లాడే మాటే ఆ పిల్లకి తేనె.

ఇక రెండో భయం: నలుగురూ ఏమంటారో అని. దీనికి ముద్దుపళని కథ వినాలి. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కళాకారిణి ఆమె. రాధికా సాంత్వనం రాసింది. ఈమెది మొల్ల దారి కాదు. తన అందం గురించి, చదువు గురించి, తనకి జరిగిన గౌరవాల గురించి కావ్యం మొదట్లోనే ధైర్యంగా చెప్పుకుంది. అంటే అనుమానం ఉండితీరాలనే రూలు కూడా లేదన్నమాట! వందేళ్ళు దాటాక ఆ పుస్తకాన్ని పెద్ద పెద్ద వాళ్ళే బూతు అన్నారు, కందుకూరి వీరేశలింగం గారితో సహా. బెంగుళూరు నాగరత్నమ్మ గారికి అది నచ్చలేదు. మగకవులు శృంగారం రాస్తే తప్పు లేదు గానీ ఆడది రాస్తే తప్పా అని అడిగి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పుస్తకం అచ్చు వేయించారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే కాలానికి గానీ ఆ నిషేధం పోలేదు. ఇప్పుడు చూడండి, ఆ పుస్తకం మన చేతికి అందుతోంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. కానీ రాసి ఉంటేనే కదా, తర్వాత ఇంకొక ఆడమనిషి వచ్చి మన పక్కన నిలబడేది.

మరి ఎలా మొదలుపెట్టాలి అంటారా? దానికీ చరిత్రలోనే దారి ఉంది.

మన పాతవాళ్ళు కొత్త బాణీ కోసం కూర్చోలేదు. తెలిసిన వరసలో కొత్త మాటలు పెట్టారు. పద్యంలో అలాంటి అందరి వరస ద్విపద. రెండేసి పాదాలు, పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. గణాల పేర్లు తెలియకపోయినా పదిసార్లు పైకి చదివితే నడక చెవికి పట్టేస్తుంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం అందులోనే రాశాడు. ద్విపదకి ప్రాస కావాలి. ప్రాస వదిలేస్తే దాన్ని మంజరీ ద్విపద అంటారు. అన్నమయ్య భార్య తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది అందులోనే. తొలి తెలుగు కవయిత్రి అని చాలామంది చెప్పుకునే మనిషే ప్రాస లేకుండా రాసినప్పుడు, ప్రాస కుదరలేదని మీరు పాట చింపేయడం ఎందుకు?

మొన్నమొన్నటి దాకా కూడా ఇదే పద్ధతి. చర్చిలో పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి గారివి ఎన్నో ఉన్నాయి. ఆయనా మన కీర్తనల పద్ధతినే తీసుకుని తన భక్తి అందులో పోశారు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళు ఉయ్యాలో వరసలో ఏ ఏటికి ఆ ఏడు కొత్త సంగతులు కలుపుతూనే ఉన్నారు.

రెండోది, లెక్క. అన్నమయ్య 1424లో, పదహారో ఏట మొదలుపెట్టి, 1503లో పోయేదాకా రోజుకొకటికి తక్కువ కాకుండా పాట కట్టాడని చెబుతారు. మొత్తం ముప్పై రెండు వేలని ఆయన మనవడు రాశాడు. రాగిరేకుల మీద ఇప్పుడు మనకి దొరికినవి అందులో సగం కూడా లేవు. అన్నీ గొప్పగా వచ్చి ఉంటాయా? ఎలా వస్తాయి? ఇవాళ్టి పాట బాగా రాకపోతే రేపు ఇంకోటి ఉంది. మనకి రోజూ కుదరదు, డ్యూటీలు, పిల్లలు, వంట. వారానికి ఒక చరణం చాలు. ఏడాదికి యాభై అవుతాయి. ఐదు నిలబడినా ఐదు పాటలే కదా.

చివరగా ఒక పాట గురించి చెప్పాలి. ఊర్మిళాదేవి నిద్ర. మన అమ్మమ్మలు పిండి విసురుతూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడుకున్నది. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రలోనే ఉంటుంది. ఆయన తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. వాల్మీకి రామాయణంలో ఈ కథ లేదు. భర్త ఏళ్ళకేళ్ళు దూరంగా ఉంటే ఇంట్లో మనిషికి ఎలా ఉంటుందో తెలిసిన ఆడవాళ్ళు కట్టిన పాట అది. ఆ సంగతి మనకి ఎవరైనా విడమర్చి చెప్పాలా? మనలో సగంమంది ఇళ్ళల్లో జరుగుతున్నదే.

ఇలాంటివి సేకరించి 1955లో స్త్రీల రామాయణపు పాటలు అని పుస్తకం వేశారు. అంతకుముందు చాలావరకు అవి నోటి మీదే ఉన్నాయి. ఒక ముసలామె పోతే ఆమెతో కొన్ని పోయేవి. ఊర్మిళ కోపం మొదట ఎవరి నోట పాటయిందో, ఆమె ఏ ఊరిదో, ఎంతమంది పిల్లల తల్లో మనకి తెలియదు. ఆమె కూడా మొదటిసారి తోడికోడలి ముందు పాడేటప్పుడు, ఏదో పిచ్చి పాటలే అని నవ్వేసి ఉండొచ్చు.

అందుకని ఒక్కటే అడుగుతున్నా. వచ్చే నెల సంచికకి పల్లవి, ఒక్క చరణం పంపండి. ఏ వరసలో కట్టారో చెప్పండి. నాకేమీ రాదు అని పైన ఒక లైను రాసుకుంటే రాసుకోండి, మొల్ల రాసింది, వెంగమాంబ రాసింది. కానీ కింద మీ పేరు, మీ ఊరు, తేదీ మాత్రం మర్చిపోకుండా రాయండి.