ఇంగ్లీషు 'ఏ' అక్షరం కథ



ఇంట్లో ఇంగ్లీషు చదువుకునే పిల్లలున్న ప్రతి తల్లికీ ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. 'కేక్' అని చక్కగా చదివిన పిల్లవాడు పక్కనే 'క్యాట్' వచ్చేసరికి తడబడతాడు. 'కార్', 'బాల్', 'ఎనీ', 'విలేజ్' - వీటన్నిటిలోనూ ఉన్నది ఆ 'ఏ' అక్షరమే. "ఒకటే అక్షరం గదమ్మా, ఇక్కడ ఇలాగ, అక్కడ అలాగ ఎందుకూ?" అని వాడడిగితే మనకు జవాబు తోచదు. "చెప్పినట్టు చదువు" అని కసురుతాం. ఒక్కోసారి వీపుమీద ఒకటి వేస్తాం కూడాను. తెలుగు బడిలో చదివిన మనకేం తెలుస్తుందిలే అని లోలోపల చిన్నబుచ్చుకుంటాం. నిజానికి తప్పు పిల్లవాడిదీ కాదు, మన చదువుదీ కాదు. ఆ తికమక వెనక వెయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

క్రీ.శ. 597లో రోము నుంచి క్రైస్తవ ప్రచారకులు ఇంగ్లండు వెళ్ళారు. వారి వెంట రోమను లిపి అక్కడ స్థిరపడింది. రోమనులకు ఆ అక్షరం మన 'అ', 'ఆ'ల వంటిదే. కాని ఇంగ్లీషువాళ్ళ నోట మరో ధ్వని కూడా ఉండేది. మనం 'బ్యాంకు' అనేటప్పుడు వచ్చే ధ్వని అన్నమాట. దానికోసం వాళ్ళు 'ఏ', 'ఈ' అక్షరాలను కలిపి ఒకే అక్షరంగా రాసి, దానికి 'యాష్' అనే చెట్టు పేరు పెట్టుకున్నారు. 1066లో ఫ్రాన్సునుంచి వచ్చిన నార్మనులు ఇంగ్లండును జయించారు. రాతపని ఫ్రెంచి పద్ధతి నేర్చిన లేఖకుల చేతిలోకి పోయింది. 13వ శతాబ్దానికల్లా ఆ 'యాష్' అక్షరం మూలబడిపోయింది. అప్పటికి ఆ ధ్వని కూడా చాలాచోట్ల 'అ'లో కలిసిపోయింది. తరవాత 17వ శతాబ్దంలో అది మళ్ళీ తలెత్తింది గాని, ఉండడానికి సొంత ఇల్లేదీ? అందుకే 'క్యాట్', 'హ్యాట్' వంటి మాటల్లో 'ఏ' ఇంట్లోనే కాపురం పెట్టింది.

ఇంక దీర్ఘం సంగతి చూద్దాం. 1400లో మరణించిన ఛాసర్ అనే ఇంగ్లీషు కవి కాలంలో 'నేమ్' అన్న మాటను ఎలా పలికేవారనుకున్నారు? దాదాపు 'నామ' అని! మనం సంకల్పంలో గోత్రంతోపాటు చెప్పుకునే 'నామ'మూ ఆ మాటా ఒకే మూలంనుంచి పుట్టినవే. చివరనున్న 'ఈ' అక్షరం కూడా అప్పట్లో మెల్లగా వినిపించేది. తరవాత సుమారు మూడు వందల ఏళ్ళలో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ నోట్లో స్థానం మార్చుకున్నాయి. 'నామ' కాస్తా 'న్యామ్' వంటిదై, చివరికి 'నేమ్' అయింది. 'ఫేట్' అనే మాట 'ఫీట్' అయింది, 'హూస్' అనేది 'హౌస్' అయింది. డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1909లో దీనికి 'అచ్చుల మహా పరివర్తన' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఎందుకు జరిగిందన్న దానిమీద పండితులలో ఏకాభిప్రాయం లేదు. 1348లో వచ్చిన ప్లేగు తరవాత పలు ప్రాంతాలవాళ్ళు లండను చేరి, ఒకరి యాస ఒకరికి అంటుకోవడమే కారణమని కొందరంటారు.

మాట మారితే రాత కూడా మారాలి గదా? అక్కడే వచ్చింది చిక్కు. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. మాట ఇంకా మారుతూ ఉండగానే పుస్తకాలు పెరిగి, రాత గట్టిపడడం మొదలైంది. అందువల్ల ఇంగ్లీషువాళ్ళు ఇవాళ్టికీ తమ పూర్వుల ఉచ్చారణను రాసి, తమ ఉచ్చారణతో చదువుతున్నారు. పలకని ఆ చివరి 'ఈ' మాత్రం ఊరికే లేదు. ముందున్న 'ఏ'ను దీర్ఘంగా పలకమని చెప్పే గుర్తుగా మిగిలింది.

మిగతా మార్పులు ఇరుగుపొరుగు వల్ల వచ్చినవి. 'వాటర్', 'వాచ్' అనేటప్పుడు ముందున్న అక్షరం పెదవులను గుండ్రంగా చుడుతుంది, అచ్చు కూడా గుండ్రమవుతుంది. 'ఆల్', 'బాల్' మాటల్లో తరవాతి 'ఎల్' ఆ పని చేస్తుంది. 'విలేజ్' ఫ్రెంచినుంచి వచ్చిన మాట. దాని రెండో భాగంమీద ఊనిక లేదు కనుక ఇంగ్లీషువాళ్ళ నోట అది ఇంచుమించు 'విలిజ్' అని నలిగిపోతుంది. దక్షిణ ఇంగ్లండులో 'ఆస్క్' అంటే, ఉత్తర ఇంగ్లండులోనూ అమెరికాలోనూ 'యాస్క్' అంటారు. రెండూ ఒప్పే.

మరి ఇంగ్లీషువాళ్ళకైనా ఇది తేలికా? కాదు. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు వేసిన జాన్ వాకర్ 1791లో ఉచ్చారణ నిఘంటువు ప్రచురించాడు. అందులో 'ఏ'కి నాలుగు అంకెలిచ్చాడు: ఫేట్ ఒకటి, ఫార్ రెండు, ఫాల్ మూడు, ఫ్యాట్ నాలుగు. స్కాట్లండు, ఐర్లండు వాళ్ళకే కాదు, సాక్షాత్తూ లండనువాళ్ళకు కూడా దిద్దుకోవలసిన నియమాలు రాశాడు! పుట్టింటి భాషకే వాళ్ళకు అంకెలు కావలసివస్తే, మన పిల్లలు తడబడడంలో వింతేముంది?

ఇంకో సంగతి. 'క్యాట్'లోని ధ్వని మనకు పరాయిది కాదు. "వస్తాడు", "వచ్చాడు" అని ఒకసారి పైకి అని చూడండి. రాతలో రెండింటికీ అదే దీర్ఘం. కాని మనలో చాలామంది నోట 'వస్తాడు'లో తేట 'ఆ' వినిపిస్తుంది, 'వచ్చాడు'లో 'బ్యాంకు' ధ్వని వినిపిస్తుంది. కొందరు రచయితలు 'వచ్చేడు' అని రాసింది ఇందుకే. చూశారా, మన లిపికీ ఈ ధ్వనికి వేరే అక్షరం లేదు. అయినా ఎవరూ నేర్పకుండానే మూడేళ్ళ పిల్ల సరిగ్గా పలుకుతుంది, వింటూ పెరిగింది కనుక.

కాబట్టి ఈసారి పిల్లవాడు అడిగితే కసరకండి. మాటలను గుంపులుగా కట్టి పైకి చదివించండి: కేక్, నేమ్, గేట్ ఒక జట్టు; క్యాట్, హ్యాట్, మ్యాట్ ఒక జట్టు; కార్, స్టార్ ఒకటి; బాల్, టాల్ ఒకటి. ఎనీ, మెనీ, హ్యావ్ వంటివి ఏ జట్టుకీ లొంగవు. వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లాగ విడిగా గుర్తుపెట్టుకోవాలి. వీలైతే మీరూ వాడి పక్కన కూర్చుని పలకండి. తెలుగులో చదువుకున్న తల్లికి ఇంగ్లీషు మాట చరిత్ర చెప్పే హక్కు లేదని ఎవరన్నారు? 'నామ' 'నేమ్' ఎలా అయిందో మీరు చెబితే, వాడు రేపు బడిలో పదిమందికి చెబుతాడు.