తెల్ల బెల్టు బాధ

మొన్న ఆదివారం కరాటే క్లాసు నుంచి మా పాప ముఖం మాడ్చుకుని వచ్చింది. తోటి పిల్లలకు పసుపు బెల్టు వచ్చింది, తనది ఇంకా తెలుపే. ఇక వెళ్ళనంటే వెళ్ళనంది. సాయంత్రం మా ధర్మపురి గోదావరి మెట్ల మీద కూర్చోబెట్టి, అసలు ఈ బెల్టులు ఎలా వచ్చాయో చెప్పాను.

ఇదేమీ అంత పాత పద్ధతి కాదు. జిగొరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో బడి పెట్టారు. అంతకుముందు గురువులు ఏళ్ళ తరబడి నేర్పి, ఎప్పటికో ఒక పట్టా ఇచ్చేవారు. ఆ మధ్యలో శిష్యుడికి ఉత్సాహం తగ్గిపోదా మరి? కానో గారు ఆ దూరాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి ‘డాన్’ ఇచ్చారు. నల్ల బెల్టు కొన్నేళ్ళ తర్వాత వచ్చింది. తెలుపుకూ నలుపుకూ మధ్య ఈ రంగుల్లో చాలావరకు యూరప్‌లో జూడో నేర్పేవాళ్ళు చేర్చినవే. 1924లో గిచిన్ ఫునకోషి డాన్ పద్ధతిని కరాటేలోకి తెచ్చారు.

తమాషా ఏమిటంటే, అందరూ గొప్పగా చెప్పుకునే మొదటి నల్ల బెల్టును ‘షోడాన్’ అంటారు. అంటే మొదటి మెట్టు అనే!

“బెల్టు పక్క పిల్లతో పోల్చుకోవడానికి కాదు తల్లీ, నువ్వెక్కడున్నావో నీకు తెలియడానికి” అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం, “రేపు మాస్టర్‌ని అడుగుతానమ్మా, నేనెక్కడ తప్పానో” అంది.

నాకు అది చాలు.