ములాఖత్తుకు పోయే దారి

జైలులో ఉన్న మనిషిని ఇంటివారు వెళ్లి చూసి రావడానికి అచ్చంగా మనదైన మాట వాడుకలో లేదు. దర్శనమంటే గుడి గుర్తొస్తుంది. పరామర్శ జబ్బుకో చావుకో చెందినది. చివరికి అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చిన 'ములాఖత్' అన్న మాటే జైలు గుమ్మం దగ్గర నిలిచింది. చదువురాని పల్లెటూరి తల్లి కూడా దాన్ని తడబడకుండా పలుకుతుంది. అవసరం నేర్పిన ఉర్దూ అది!

1894 నాటి ప్రిజన్స్ చట్టంలో దీనికి దక్కిన చోటు బహు స్వల్పం. సివిల్ ఖైదీలనూ, విచారణలో ఉన్నవారినీ తగిన వేళల్లో, తగిన ఆంక్షలతో కలుసుకోనివ్వాలని 40వ సెక్షను చెబుతుంది. శిక్షపడినవారి సంగతిని నియమావళికి వదిలేశారు. 41వ సెక్షను ఆసక్తికరమైనది. చూడవచ్చినవారిని సోదా చేయవచ్చు గాని, ఆ సోదా ఏ ఖైదీ ఎదుటా, మరో సందర్శకుడి ఎదుటా జరగరాదు. దొరలకు ఆ మాత్రం మర్యాద తోచడం విశేషమే. అయితే మనిషిని ఇంటికి ఎంత దూరపు జైలులో పెట్టవచ్చునన్న ప్రశ్న ఆ సెక్షన్లకు పట్టలేదు. నా దృష్టిలో ములాఖత్ చరిత్రలో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు జైలులో 'మాలపల్లి' రాశారని గొప్పగా చెప్పుకుంటాం. గుంటూరు నుంచి రాయవేలూరు ఎంత దూరమో తలుచుకోం. ఉప్పు సత్యాగ్రహకాలంలో ఎందరో ఆంధ్ర ఖైదీలను బళ్లారి దగ్గరి అల్లీపురం క్యాంపు జైలుకు పంపారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న రామాపురం వంటి ఊరినుంచి ఒక రైతు భార్య అక్కడికి చేరాలంటే గుంటూరు, గుంతకల్లు మీదుగా రాయలసీమ దాటిపోవాలి. దానికితోడు తరగతులు. 63 రోజుల నిరాహారదీక్షతో 1929లో జతీన్ దాస్ మరణించాక, 1930లో ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి అని విభజించింది. ఉత్తరాలూ, ములాఖత్తులూ ఆ అక్షరాన్ని బట్టే. ఒకే ఉద్యమంలో, ఒకే నేరానికి లోపలికి వెళ్లినా, చదువూ ఆస్తీ ఉన్నవాడి ఇల్లాలికి భర్త తరచుగా కనిపించేవాడు, కూలివాడి ఇల్లాలికి అరుదుగా.

ఇది దయ కాదు, హక్కు అని గట్టిగా చెప్పడానికి 1981 దాకా పట్టింది. కాఫెపోసా చట్టం కింద తీహార్‌లో నిర్బంధించిన ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ అనే బ్రిటిష్ మహిళకు సుమారు అయిదేళ్ల కూతురుండేది. నెలకొక్కసారే చూడనిచ్చేవారు. జీవించే హక్కులో అయినవారిని కలుసుకోవడం కూడా ఉన్నదని జస్టిస్ భగవతి ఆ నిబంధనను కొట్టివేశారు. 2006లో మన రాష్ట్రం పేరుతోనే నమోదైన ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో, ఖైదీ తల్లి దగ్గర బిడ్డ ఆరేళ్ల వరకూ ఉండవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత బిడ్డను సంక్షేమ గృహంలో చేర్చవలసివస్తే, వీలైనంతవరకూ జైలున్న ఊరు దాటించరాదన్నది. దూరమూ ఒక శిక్షేనని న్యాయస్థానం గుర్తించిన అరుదైన సందర్భమిది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 59వది కూడా ఖైదీని వీలైనంతవరకూ ఇంటికి దగ్గరి జైలులోనే ఉంచమంటుంది. రాబెన్ ద్వీపంలో మొదటి ఏళ్లలో ఆరు నెలలకొక ములాఖత్తుతో గడిపిన మనిషి పేరు దానికి పెట్టడం సముచితమే.

2020లో కోవిడ్ వచ్చి ములాఖత్తులు ఆగిపోయినప్పుడు వీడియో కాల్ వచ్చింది. ముఖం కనిపిస్తుంది, నిజమే. బిడ్డ నెత్తిన చెయ్యి వేయడం కుదరదు. అందుకు రాజమండ్రి సెంట్రల్ జైలుకే పోవాలి. తెనాలి నుంచి రైలులో సుమారు 180 కిలోమీటర్లు. రానుపోను ఛార్జీలు, పోగొట్టుకున్న కూలి, వెంట తీసుకెళ్లే పిల్లవాడి బడి. నియమావళి ఎన్నిసార్లు రమ్మన్నా, కోతలయ్యాక చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడే రామాపురం కూలి ఇంటివారు బయలుదేరగలుగుతారు.