కేప్‌టౌన్ నగరపు హాస్యవేదిక

వేదిక మీద ఒక మనిషి ఒంటరిగా నిలుచుంటాడు. వేషం లేదు, తెర లేదు, పక్కవాద్యం లేదు. ఎదుట ఒక మైకు. దానికి ఆవల మసకచీకటిలో కూర్చున్న జనం. గంటసేపు అతడు కేవలం మాటలతోనే వారిని నవ్వించవలె. ఇంగ్లీషువారు దీనిని స్టాండప్ కామెడీ అంటారు. బుర్రకథలో కథకునికి ఇరుపక్కల నిలిచే వంతగాళ్లలో ఒకడు హాస్యం చెప్పగా రెండవవాడు రాజకీయం చెప్పటం మనకు తెలిసినదే. ఈ విద్యలో ఆ ఇద్దరి పనిని, కథకుని పనిని కూడ ఒక్కడే నెత్తిన వేసుకుంటాడు. రేడియో మైకు ముందు మాట్లాడే మా వంటివారికి వినేవారి ముఖం కనపడదు. వారు మెచ్చినారో ఆవలించినారో ఉత్తరం వచ్చేదాకా తెలియదు. అది ఒక విధంగా మా అదృష్టం. హాస్యగాడికి ఆ వెసులుబాటు లేదు. అతని తీర్పు అర నిమిషంలో అక్కడికక్కడే వెలువడుతుంది.

కాబట్టి ఈ విద్యకు మొదట కావలసినది హాస్యగాడు కాదు, ఒక కప్పు కింద కలిసి కూర్చునే జనం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో హాస్యగాళ్లకు ఏనాడూ కొరత లేదు. కలిసి కూర్చోవటమే చాలాకాలం చట్టవిరుద్ధంగా ఉండినది. అందువల్ల ఆ నగరపు హాస్యచరిత్ర అంటే సగం కుర్చీల చరిత్ర.

1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీవారు తమ ఓడలకు మంచినీరు, కూరగాయలు అందించటానికై ఆఫ్రికా దక్షిణపు కొస దగ్గర ఒక మజిలీ కట్టినారు. అదే కేప్‌టౌన్‌కు మొదలు. ఈ కంపెనీ మనకు కొత్తది కాదు. మచిలీపట్నంలోను, పులికాట్‌లోను గిడ్డంగులు కట్టి మన అద్దకపు బట్టలు కొన్నవారు వీరే. ఈ తీరంలో వారు బట్టలతోపాటు మనుషులను కూడ కొని ఓడ ఎక్కించినారు. 1808లో బానిసల రవాణా ఆగేనాటికి కేప్ చేరిన బానిసలు 60,000కు పైమాట అని చరిత్రకారుల అంచనా. అందులో దాదాపు నాలుగోవంతు హిందూదేశం నుండి, సింహళం నుండి వచ్చినవారు. ఆనాటి దస్తావేజులలో బానిసల పేర్ల చివర ‘బెంగాలు వాడు’, ‘కోరమాండల్ వాడు’ అన్న అర్థం వచ్చే డచ్చి మాటలు తగిలించి ఉంటాయి. ఆ కోరమాండల్ మన సముద్రతీరమే.

పలుదేశాల నుండి వచ్చిపడిన ఈ జనం యజమానుల డచ్చి భాషను తమ నోళ్లకు అనువుగా మలచుకున్నారు. ఆఫ్రికాన్స్ భాష పుట్టుకలో వారి పాలు పెద్దది. 19వ శతాబ్దంలో కేప్ మదరసాలలో ఈ భాషను అరబ్బీ లిపిలో వ్రాసుకున్నారు. ఆఫ్రికాన్స్‌ను తెల్లవారి సొత్తుగా చాటుకున్న పెద్దలకు ఈ సంగతి చాలాకాలం మింగుడు పడలేదు.

బానిసలకు కొత్త సంవత్సరపు రెండవనాడు, అనగా జనవరి 2వ తేదీన, సెలవు దొరికేది. 1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయిన తరువాత కూడ ఆ దినం వారి పండుగగానే నిలిచిపోయినది. రంగురంగుల పట్టుచొక్కాలు తొడిగి, ముఖాలకు రంగులు పూసుకొని, మేళాలు మేళాలుగా వీధుల వెంట పాడుతూ పోతారు. ఈ మేళాలను క్లాప్సే అంటారు. 1860ల నుండి అమెరికా పద్ధతి మిన్‌స్ట్రెల్ మేళాలు కేప్‌టౌన్ వచ్చి ఆడినవి. నల్లరంగు పూసుకున్న తెల్లవారు నల్లవారిని వెక్కిరించే ఆటలవి. ఆ వెక్కిరింత వేషాన్నే ఇక్కడి జనం అందిపుచ్చుకొని తమ పండుగ వేషంగా మార్చుకున్నారు! వారు పాడే పాటలలో మాపీ అనే ఒక రకం ఉన్నది. తాళం హుషారైనది, మాట కొంటెది. ముఖాముఖి అనరాని మాటను పాటలో పెట్టి అనటం దాని ప్రయోజనం. నేటి కేప్‌టౌన్ హాస్యగాని వంశవృక్షంలో లండను, న్యూయార్కు నగరాల కంటె ఈ మాపీ పాటగాడే దగ్గరి చుట్టమని నా అభిప్రాయం.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చినది. తెల్లవారు, మిశ్రజాతివారు, ఇండియన్లు, ఆఫ్రికన్లు ఎవరెవరు ఏ పేటలో ఉండవలెనో ప్రభుత్వమే నిర్ణయించసాగినది. నగరం నడిబొడ్డున, కొండవాలులో, డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. దర్జీలు, రేవు కూలీలు, దుకాణదారులు, పాటగాళ్లు కిక్కిరిసి ఉండే చోటు. క్లాప్సే మేళాలకు పుట్టినిల్లు. 1966 ఫిబ్రవరి 11న దానిని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించినారు. తరువాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి, నగరానికి దూరంగా కేప్ ఫ్లాట్స్ అనే ఇసుకమైదానానికి తరలించినారు. ఇళ్లను బుల్‌డోజర్లతో కూల్చినారు. మసీదులను, చర్చీలను మాత్రం ముట్టలేదు. ఒకరి ఇంటి అరుగు మీద చెప్పిన హాస్యానికి ఎదురింటివారు నవ్విన వీధులవి. ఆ ఎదురిల్లు ఇప్పుడు పది మైళ్ల అవతల పడినది.

వినోదశాలల సంగతీ ఇంతే. 1964 డిసెంబరులో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఆంగ్లగాయని, జాతిభేదం పాటించే సభలో పాడనని ఒప్పందంలో వ్రాయించుకొని వచ్చి, కేప్‌టౌన్ దగ్గర అందరూ కలిసి కూర్చున్న సభలో పాడినది. ప్రభుత్వం ఆమెను దేశం నుండి పంపివేసినది. మరుసటి ఏడు, 1965లో, ప్రత్యేకానుమతి లేనిదే మిశ్రప్రేక్షకులు కూడరాదని ఒక ప్రకటన వెలువడినది. 1971లో ప్రజాధనంతో కట్టిన నీకో మలాన్ నాటకశాల తెల్లవారికే తలుపులు తెరిచినది. మిగిలినవారు, వారితోపాటు కొందరు తెల్లవారు కూడ, దానిని బహిష్కరించినారు. 1975లో ఆ తలుపులు అందరికీ తెరవక తప్పలేదు.

ఇంతలో ఒక చిన్న నాటకశాల పెద్ద పని చేసినది. 1972 మేలో బ్రయన్ ఆస్ట్‌బరీ, నటి ఇవాన్ బ్రైస్‌లాండ్, నాటకకర్త ఏథల్ ఫ్యూగార్డ్ కలిసి స్పేస్ అనే పేరుతో ఒక రంగశాల ప్రారంభించినారు. ఏ రంగువారైనా వచ్చి ఏ కుర్చీలోనైనా కూర్చోవచ్చును. మొదటి నాటకమే జాతుల మధ్య ప్రేమను నేరంగా ఎంచిన చట్టాన్ని గురించినది. 1977లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వారి బాక్స్టర్ నాటకశాల వెలసినది. అదీ అందరిదే.

స్పేస్ రంగశాలలో పనిచేసినవారిలో పీటర్ డర్క్ ఎయిస్ ఒకరు. 1945లో కేప్‌టౌన్‌లోనే పుట్టినారు. తండ్రి ఆఫ్రికానర్, తల్లి బెర్లిను నుండి వచ్చిన యూదుజాతి పియానో విద్వాంసురాలు. 1970లలో ఎయిస్ వ్రాసిన నాటకాలు కొన్నింటిని ప్రభుత్వపు పరిశీలక మండలి నిషేధించినది. నాటకాన్ని నిషేధించవచ్చును గాని, ఒక మనిషి రాత్రికి రాత్రి మార్చుకుంటూ చెప్పే మాటను నిషేధించటం కష్టం. పాత్రధారులు పదిమంది ఉంటే పదిమందినీ ఆపవచ్చును. ఒక్కడే అయి, ప్రతిగా కాగితం లేకపోతే ఏమి చేయగలరు? ఎయిస్ ఏకపాత్రకు మరలినారు.

1979లో ప్రధాని పి. డబ్ల్యూ. బోతా తన జాతివారిని ఉద్దేశించి, కాలానుగుణంగా మారకపోతే చావు తప్పదని హెచ్చరించినాడు. ఇంగ్లీషులో ‘చచ్చుట’, ‘రంగువేయుట’ అనే రెండు మాటలూ ‘డై’ అనే పలుకుతాయి. ఎయిస్ ఒక అక్షరం మార్చి, ‘మారండి, లేదా రంగు పూసుకోండి’ అన్న అర్థం వచ్చేటట్లు తన ప్రదర్శనకు పేరు పెట్టినారు. చర్మపు రంగు మీద నిలిచిన రాజ్యానికి ఇంతకంటె పొట్టి విమర్శ ఎవరూ వ్రాయలేదు. 1981లో జొహానెస్‌బర్గులోని మార్కెట్ థియేటర్లో అది మొదలైనది. తలపాగా వంటి టోపీ పెట్టి ఒక మంత్రి, కళ్లద్దాలు మార్చి మరొక మంత్రి, వేలు ఆడిస్తూ, పెదవులు తడుపుకుంటూ సాక్షాత్తు బోతా వేదిక మీదికి వచ్చేవారు. వీరందరికంటె జనం మెచ్చినది ఎవీటా బెజేడన్‌హౌట్ అనే పాత్రను. ఈమె అధికారపక్షపు పార్లమెంటు సభ్యుని భార్య. బపేటికోస్వెటీ అనే లేని రాజ్యానికి రాయబారి. నల్లవారికి పేరుకు మాత్రం కట్టబెట్టిన ‘స్వతంత్ర’ రాజ్యాల మీద అది చెళ్లుమనే దెబ్బ. పరిపాలకులే తనకు సంభాషణలు వ్రాసిపెడుతున్నారు గనుక తాను చెల్లించేది పన్ను కాదు, రచయితకిచ్చే పారితోషికమని ఎయిస్ అనేవారు.

ఈ ఘనత చెప్పుకుంటూనే ఒక మాట అనక తప్పదు. ఎయిస్‌కు ఆ ధైర్యం ఉండటం నిజం. ఆయన తెల్లవాడు కావటమూ నిజం. ఎదుట కూర్చున్నవారిలో అధికులు ఆ వ్యవస్థ వలన లాభం పొందినవారే. గంటన్నర నవ్వి, మనసు తేలికపరచుకొని, పనివారు కాపలా కాసే ఇళ్లకు వారు తిరిగి పోయినారు. అట్టి నవ్వు వ్యవస్థను కదిలించినదా, లేక దానికి ఊపిరి సలిపే కిటికీ అయినదా? రెండూ కొంతకొంత అని నాకు తోస్తుంది. అయితే భయపడే అలవాటున్న సభలో భయపెట్టేవాని బొమ్మ నవ్వులపాలు కావటం చిన్న విషయం కాదు. 1994లో ప్రజాస్వామ్యం వచ్చిన తరువాత ఎవీటా టెలివిజన్‌లో నెల్సన్ మండేలా అంతటివానిని ప్రశ్నలడిగినది. 1996లో కేప్‌టౌన్‌కు ఉత్తరాన డార్లింగ్ అనే పల్లెలో, పాత రైలుస్టేషనులో, ఎయిస్ తన సొంత రంగశాల పెట్టుకున్నారు. 2000 తరువాత బడి బడికీ తిరిగి, ఎయిడ్స్ వ్యాధిని గురించి పెద్దలు నోరు మెదపని మాటలను పిల్లలకు నవ్విస్తూ చెప్పినారు. ఆయన చేసిన పనులన్నిటిలో నేను ముందు లెక్కించేది ఇదే.

అసలైన స్టాండప్ కామెడీ కేప్‌టౌన్‌లో వేళ్లూనినది 1990ల ద్వితీయార్ధంలో. బాక్స్టర్‌లో హాస్యోత్సవాలు మొదలైనవి. దశాబ్దం చివర కేప్ కామెడీ కలెక్టివ్ అనే బృందం ఏర్పడి, అబ్జర్వేటరీ అనే విద్యార్థుల పేటలో ప్రదర్శనలిస్తూ, కేప్ ఫ్లాట్స్ పేటలకూ వెళ్లి, కొత్తవారికి ఈ విద్య నేర్పినది. గుగులేతు పేటకు చెందిన లొయీసో గోలా ఇక్కడ పుట్టిన హాస్యగాడే. తెలుగు చెవికి ఆ ఇంటిపేరు వృత్తికి తగినట్లే వినపడుతుంది! రియాద్ మూసా వైద్యపట్టా పుచ్చుకున్న ముస్లిం యువకుడు. స్టెతస్కోపు పక్కనపెట్టి మైకు పట్టినాడు. 2012లో ఆయన నటించిన ‘మెటీరియల్’ అనే చిత్రంలో, తండ్రి బట్టల కొట్లో కూర్చోవలసిన కొడుకు చాటుగా హాస్యం చెప్పుకోబోతాడు. ఇండియన్ కుటుంబాలలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కరలేదు. కేప్ ఫ్లాట్స్‌లో పెరిగిన మార్క్ లాటరింగ్ అక్కడి ఇరుగుపొరుగు పిన్నమ్మలను, టాక్సీ వ్యాను తలుపు దగ్గర వేలాడుతూ ఊళ్ల పేర్లు అరిచే కుర్రవాణ్ణి వేదిక ఎక్కించినాడు. నిక్ రబినోవిట్జ్ యూదుడు. కోసా భాష ధారాళంగా మాట్లాడుతాడు. అతడు కోసాలో ఒక మాట విసిరితే ఆ భాష తెలిసినవారు ముందు నవ్వుతారు. తెలియని తెల్లవారు పక్కవారి ముఖం చూస్తారు. ఆ నగరంలో మూడువందల ఏళ్లు ఈ పని తిరగబడి జరిగినది.

మిచెల్స్ ప్లేన్‌కు చెందిన కర్ట్ స్కూన్‌రాడ్ తన హాస్యశాలకు ‘జో మా సే’ అని పేరు పెట్టినాడు. ‘నీ తల్లి యొక్క’ అని అర్థం. కేప్ ఫ్లాట్స్ వీధులలో వినిపించే తిట్టుకు ఇది మొదటి సగం. మిగిలిన సగం సభామర్యాదకు సరిపడదు గనుక వదలిపెట్టినారు, నేనూ వదలిపెడుతున్నాను. వీధిభాష అని, చెడిపోయిన ఆఫ్రికాన్స్ అని బడిపంతుళ్లు కొట్టిపారేసిన పలుకుబడి, నగరపు రేవు దగ్గర దీపాలతో వ్రాసిన బోర్డు ఎక్కినది. 2010లలో ఆ రేవులోనే పాత ఓడమరమ్మతు రేవుకు నీరు తోడే పంపుహౌసు హాస్యశాలగా మారినది.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. పన్నూడిన నోరు, తాగుబోతుతనం, అల్లరి అంటూ మిశ్రజాతివారిని గురించి తెల్లవారు అల్లిన బొమ్మనే వారి హాస్యగాడు కూడ ఆడిస్తే, నవ్వేదెవరు, నవ్వులపాలయ్యేదెవరు అని అక్కడి విమర్శకులు అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనది. ఒకే హాస్యం కేప్ ఫ్లాట్స్ సభలో ఆత్మీయంగాను, రేవు దగ్గరి సభలో వేరొక విధంగాను వినపడవచ్చును. దానికి తోడు, మిచెల్స్ ప్లేన్ నుండి రేవుకు దాదాపు 30 కిలోమీటర్లు. రాత్రి ఆట ముగిసిన తరువాత సొంత కారు లేనివానికి ఇల్లు చేరే దారి సులువైనది కాదు. చట్టం 1991లో రద్దయినది. దూరం రద్దు కాలేదు.

ఈ హాస్యశాలల్లో ఒక ఆచారం ఉన్నది. హాస్యగాడు వేదిక ఎక్కుతూనే ముందువరుసలోని వారిని ‘మీదే పేట?’ అని అడుగుతాడు. ఒకరు కాన్‌స్టాంటియా అంటారు, ఒకరు మిచెల్స్ ప్లేన్, మరొకరు గుగులేతు. కాన్‌స్టాంటియా ద్రాక్షతోటల నడుమ సంపన్నుల పేట. మిశ్రజాతి కుటుంబాలను ఖాళీ చేయించిన చోట్లలో అదీ ఒకటి. మిచెల్స్ ప్లేన్ మిశ్రజాతివారి కోసం, గుగులేతు ఆఫ్రికన్ల కోసం ప్రభుత్వం గీత గీసి కట్టించినవి. ఊరిపేరు చెప్పగానే 1950 నాటి చట్టం మొత్తం సభలోనివారికి కళ్ల ముందు నిలుస్తుంది. హాస్యగాడు ఒక్క క్షణం ఆగి, ముగ్గురి వంకా చూసి, కాన్‌స్టాంటియా ఆయనను గుగులేతు ఆయన పక్కకు జరగమంటాడు.