ఐనోడ్ నంబర్ 1 - డిస్కులో పోట్ ఖరాబ్ ఖాతా

లినక్స్ వాడేవాళ్ళు ఒకసారి టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్ -ఎల్‌డీఐ /' అని కొట్టి చూడండి (ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి). మీది ఈఎక్స్‌టీ4 అయితే మొదట 2 అని వస్తుంది. అది రూట్ డైరెక్టరీ ఐనోడ్ నంబరు. మొత్తం ఫైల్‌సిస్టమ్‌కి మూలమైన రూట్‌కే రెండో నంబరు ఇస్తే, మరి ఒకటో నంబరు ఎవరికిచ్చినట్టు?

పాడైపోయిన బ్లాకులకి!

నేనుండేది ఇబ్రహీంపట్నంలో. ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో, ప్లాట్ల వెంచర్లూ అన్ని. అందుకే ఈ సంగతి పహాణీ భాషలో చెప్తా. ఒక సర్వే నంబర్లో ఐదెకరాలున్నాయి, అందులో పది గుంటలు రాతిబండ అనుకోండి. ఆ పది గుంటల్ని పహాణీలో 'పోట్ ఖరాబ్' అని విడిగా రాస్తారు. భూమి ఎక్కడికీ పోలేదు, మొత్తం విస్తీర్ణంలోనే ఉంది. కానీ సాగు లెక్కలోకి రాదు, దాని మీద శిస్తు లేదు. ఐనోడ్ 1 చేసే పనీ ఇదే. పాడైన బ్లాకులన్నిటినీ పేరులేని ఒక ఫైలు ఖాతాలో రాసేస్తే, అవి వాడుకలో ఉన్నట్టే లెక్క. ఇక ఏ కొత్త ఫైలుకీ వాటిని ఇవ్వరు. మా తెలంగాణ మాటలో చెప్పాలంటే బ్యాడ్ బ్లాక్ అంటే ఖరాబ్ బ్లాకే కదా :)

ఈ ఖాతాకి పెద్ద చరిత్రే ఉంది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో రూట్ నంబరు 1. 1979లో ఏడో ఎడిషన్ వచ్చేసరికి రూట్‌ని 2కి జరిపి, 1ని ఖరాబ్ బ్లాకులకి వదిలేశారు. డిస్కు అన్నాక మచ్చలుంటాయని అప్పట్లో అందరికీ తెలుసు. 1980లో వచ్చిన సీగేట్ ఎస్‌టీ-506 సైజు 5 ఎంబీ. ఆ తరం పీసీ డిస్కుల మీద ఫ్యాక్టరీ వాళ్ళే ఒక చీటీ అంటించి పంపేవారు. ఏ సిలిండర్‌లో, ఏ హెడ్ కింద మచ్చ ఉందో అందులో రాసి ఉండేది. లో-లెవెల్ ఫార్మాట్ చేసేటప్పుడు ఆ చీటీ చూసుకుంటూ నంబర్లు చేత్తో కొట్టాలి. అంటే ఖాతాపుస్తకం మనిషి చేతిలోనే ఉండేదన్నమాట.

లినక్స్ కూడా ఈ పద్ధతిలోనే మొదలైంది. 1991లో మొదట వాడుకున్న మినిక్స్ ఫైల్‌సిస్టమ్‌లో పాడైన బ్లాకుల్ని రూట్‌లో '.బ్యాడ్‌బ్లాక్స్' అనే ఫైల్లో దాచేవారు. 1993లో రెమీ కార్డ్ రాసిన ఈఎక్స్‌టీ2 పాత యూనిక్స్ బాటలో ఐనోడ్ 1ని వాడుకుంది. బ్లాకుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించే 'బ్యాడ్‌బ్లాక్స్' ప్రోగ్రామూ ఆయనదే. 'ఈ2ఎఫ్ఎస్‌సీకే -సీ' అని కొడితే అది డిస్కంతా చదివి, చదవలేని బ్లాకుల్ని ఐనోడ్ 1 ఖాతాలో చేరుస్తుంది.

అయితే ఇదంతా జరుగుతుండగానే ఖాతాపుస్తకం చేతులు మారిపోయింది. స్కజీ, ఐడీఈ డిస్కులు కొన్ని స్పేర్ సెక్టార్లు పక్కన పెట్టుకుని, ఒకటి పాడైతే దాని నంబరు స్పేర్‌కి ఇచ్చేయడం నేర్చుకున్నాయి. ఫ్యాక్టరీ నాటి మచ్చలకో జాబితా, తర్వాత వచ్చినవాటికి ఇంకోటి, రెండూ డిస్కు లోపలే. ఆపరేటింగ్ సిస్టమ్‌కి కనపడేదంతా మచ్చలేని పొలమే. ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటివి ఖరాబ్ జాబితాయే పెట్టుకోలేదు, అది డిస్కు పని అని వదిలేశాయి. మన ఎస్ఎస్‌డీల్లో కూడా పాడైన బ్లాకుల లెక్క కంట్రోలరే చూసుకుంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. సెక్టార్‌లో ఏముందో చదవలేనప్పుడు స్పేర్‌లోకి ఏమని కాపీ చేయాలి? అందుకే డిస్కు దాన్ని 'పెండింగ్' అని రాసుకుని ఊరుకుంటుంది. మళ్ళీ దాని మీద ఎవరైనా కొత్తగా రాసినప్పుడే బాగుందో లేదో చూసి, లేదనుకుంటే స్పేర్‌కి మారుస్తుంది.

ఈ ఒక్క ముక్క తెలియక మా బావ నష్టపోయాడు. ఆయనది పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియో. హార్డ్ డిస్కు మొరాయిస్తే రిపేరు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. "బ్యాడ్ సెక్టార్లొచ్చాయన్నా, ఫుల్ ఫార్మాట్ కొడితే పోతయ్" అన్నాడతను. కొట్టాడు, నిజంగానే పోయాయి! డిస్కంతా సున్నాలు రాసేసరికి పెండింగ్‌లో ఉన్నవన్నీ స్పేర్‌లోకి మారిపోయాయి. వాటితోపాటు రెండేళ్ళ ఆల్బమ్‌లూ పోయాయి. మూడు వారాలకి డిస్కు కూడా పోయింది. సలహా పని చేసినట్టే కనపడింది, అందుకే అది అంత ప్రమాదం.

డిస్కు లోపలి ఖాతా మనం చూడలేమా అంటే, చూడొచ్చు. స్మార్ట్ అనే పద్ధతి 1990ల మధ్యలో వచ్చింది. 2002లో బ్రూస్ అలెన్ అనే భౌతికశాస్త్రవేత్త లినక్స్‌లో దాన్ని చదవడానికి స్మార్ట్‌మన్‌టూల్స్ మొదలుపెట్టారు. 'స్మార్ట్‌సీటీఎల్ -ఏ' కొట్టి 5, 197 నంబర్ల వరసలు చూడండి. మొదటిది స్పేర్‌కి మార్చినవి, రెండోది పెండింగ్‌లో ఉన్నవి. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి ఒక పేపర్ రాశారు. మొదటి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్కు 60 రోజుల్లోపు పోయే అవకాశం, ఎర్రర్ లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేల్చారు.

1979లో ఖరాబ్ బ్లాక్ కనపడితే ఖాతాలో రాసుకుని పని చేసుకోవడం తెలివైన పని. అప్పుడు అది పుట్టుమచ్చ. ఇప్పుడు డిస్కు లోలోపల సర్దుకుని, సర్దుకుని, ఇక మీ డేటా తిరిగివ్వలేక చేతులెత్తేసినప్పుడే మీ కంటపడుతుంది. ఆ మాట వినగానే ఫార్మాట్ వద్దు, ఎఫ్ఎస్‌సీకే కూడా వద్దు. 'బ్యాడ్‌బ్లాక్స్ -డబ్ల్యూ' జోలికి అసలు పోవద్దు, అది ఉన్నదంతా చెరిపేస్తుంది. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో వేరే డిస్కులోకి మొత్తం కాపీ తీయండి. అది బాగున్నవి ముందు లాగేసి, మొండి చోట్లు ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని చివర్లో మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎఫ్ఎస్‌సీకే చేయాలనుకుంటే ఆ కాపీ మీద చేయండి. అసలు డిస్కుని పక్కన పెట్టేయండి.

పొలంలో పది గుంటల బండ ఉంటే అది పది గుంటలుగానే ఉండిపోతుంది. డిస్కులో ఖరాబ్ మాత్రం పెరుగుతుంది.