దూరదర్శన్ హైదరాబాద్: శాంతిస్వరూప్ తొలి బులెటిన్ నుంచి యాదగిరి దాకా.. భద్రాద్రి ఏజెన్సీకి వార్త చేరిన దారి

తెలుగులో తొలి టీవీ వార్తల బులెటిన్ 1983 నవంబరు 14 సాయంత్రం 7 గంటలకు వచ్చింది. చదివింది శాంతిస్వరూప్. ప్రసారం చేసింది హైదరాబాద్‌లోని దూరదర్శన్ కేంద్రం. గోదావరి ఒడ్డున భద్రాచలం, శబరి ఒడ్డున చింతూరు, మధ్యలో ఉన్న కోయ గూడేలు.. అప్పుడు ఇవన్నీ ఒకే ఖమ్మం జిల్లా. ఇప్పుడు అదే ఏజెన్సీ రెండు రాష్ట్రాల్లో ఉంది. దూరదర్శన్ కూడా రెండైంది. భద్రాచలం టౌన్‌కు హైదరాబాద్ నుంచి వచ్చే యాదగిరి సొంత ఛానెల్ అయితే, ఊరు దాటి ఎటపాకలో అడుగుపెడితే విజయవాడ నుంచి వచ్చే సప్తగిరి సొంత ఛానెల్. వరద మాత్రం రెండు వైపులా ఒకటే.

ఎక్కడ మొదలైంది?

దేశంలో టీవీ 1959లో ఢిల్లీలో మొదలైనా తెలుగు పల్లెలకు అది కనిపించింది 1975లో. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఏడాది పాటు నడిచిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ఊరుమ్మడి టీవీ సెట్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1976 జులై ఆఖరుతో ప్రయోగం ముగిసింది.

ఆ తర్వాత 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. రామంతాపూర్‌లోని స్టూడియోల నుంచే తెలుగు టీవీ నడక నేర్చింది. పాడిపంటలు, నాటకాలు, శుక్రవారం సాయంత్రం చిత్రలహరి. వీధిలో ఒక్క సెట్టు ఉంటే ఆ ఇంటి వరండా నిండిపోయే రోజులవి. 1990ల చివర్లో 'ఋతురాగాలు' సీరియల్ వచ్చే నాటికి మధ్యాహ్నం టీవీ చూడటం పట్టణాల్లో అలవాటుగా మారింది.

అయితే పట్నానికీ అడవికీ మధ్య ఒక చిక్కుంది. టవర్ నుంచి వచ్చే టీవీ సిగ్నల్ దాదాపు సూటిగా ప్రయాణిస్తుంది. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. 1980ల మధ్యలో దేశమంతా పెట్టిన చిన్న రిలే కేంద్రాలు చాలావరకు 100 వాట్లవి. చుట్టుపక్కల పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటితే బొమ్మ కన్నా 'చుక్కలే' ఎక్కువ. వెదురు గడకు యాంటెన్నా కట్టి, ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి "వచ్చింది.. పోయింది" అని అరవడం ఆ తరంలో అందరికీ తెలిసిన పనే. పాపికొండల వైపు గూడేలకు ఆ భాగ్యం కూడా లేదు. కరెంటు వెళ్లని చోటికి టీవీ ఎలా వెళుతుంది?

తెర మీద మనుషులు

హైదరాబాద్ దూరదర్శన్ అంటే పెద్ద తరానికి ముందు గుర్తొచ్చే ముఖం శాంతిస్వరూప్‌దే. 1978లో దూరదర్శన్‌లో చేరారు. 1983లో వార్తలు చదవడం మొదలుపెట్టారు. అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. కాగితం మీదున్న స్క్రిప్టును ముందే మననం చేసుకుని, కెమెరా వైపు చూస్తూ చెప్పాలి. సుమారు పదేళ్లు ఆయన ఇలాగే నెట్టుకొచ్చారు. తెర మీద అక్షరాలు వాటంతటవే కదులుతుంటే చదివే ఇప్పటి యాంకర్లకు ఆ కష్టం ఊహకు అందదు. గొంతు పెంచడం, వార్తకు తన అభిప్రాయం తగిలించడం ఆయన పద్ధతి కాదు.

ఆయన భార్య రోజారాణి కూడా న్యూస్ రీడరే. శాంతిస్వరూప్ రచయిత కూడా. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద 'రాతి మేఘం' నవల రాశారు. 2011లో రిటైర్ అయ్యారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ రోజు ప్రైవేటు ఛానెళ్లన్నీ ఆయన్ను తొలి న్యూస్ రీడర్‌గా గుర్తుచేసుకున్నాయి.

ఒక మాట చెప్పుకోవాలి. దూరదర్శన్‌లో వార్తలు చదివే వాళ్లందరూ పర్మినెంట్ ఉద్యోగులు కారు. ఆడిషన్ పెట్టి ఎంపిక చేసి, డ్యూటీ లెక్కన పిలిచే క్యాజువల్ న్యూస్ రీడర్లు చాలామంది. తెర మీద పేరు కనిపించినా చేతికొచ్చేది ఆ రోజు కూలి లాంటిదే. వార్త రాసే వాళ్లు, కెమెరా పట్టే వాళ్లు, ఎడిటర్లు.. వీళ్ల పేర్లయితే చూసేవాళ్లకు అసలే తెలియవు.

టీవీ కంటే ముందు చెవిన పడిన గొంతులు

భద్రాచలానికి టీవీ కన్నా రేడియో దగ్గరి చుట్టం. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి గోదావరి పొడవునా వినిపించేది. ఢిల్లీ నుంచి పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్ చదివే తెలుగు వార్తలకు గడియారాలు సరిచేసుకునే వాళ్లుండేవారు. ఆ తర్వాత కొత్తగూడెంలోనే ఆకాశవాణి ఎఫ్‌ఎం కేంద్రం వచ్చింది. సింగరేణి కార్మికుల ఇళ్లలోనూ, ఏజెన్సీ ఊళ్లలోనూ 'ఇది మన రేడియో' అనిపించుకున్నది అదే.

ఇక శ్రీరామనవమి అంటే ఉషశ్రీ. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే ఆకాశవాణిలో ఆయన చెప్పే ప్రత్యక్ష వ్యాఖ్యానం వినడానికి ఊళ్లకు ఊళ్లు రేడియో చుట్టూ చేరేవి. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, ముత్యాల తలంబ్రాలు.. ఒక్కటీ కంటితో చూడకుండానే జనం కల్యాణం 'చూశారు'. 1990లో ఉషశ్రీ చనిపోయారు. ఆయన పెట్టిన బాణీ తర్వాత వ్యాఖ్యాతలందరికీ కొలబద్ద అయింది. టీవీలో బొమ్మ కనిపిస్తున్నా కల్యాణానికి వ్యాఖ్యాత మాట ఆగకుండా ఉండటానికి కారణం ఆ రేడియో అలవాటే.

ఏడాదికి ఒక్క రోజు లైవ్

మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణం లైవ్ భద్రాచలాన్ని రాష్ట్రమంతా టీవీలో చూసే ఒక్క రోజు. కరోనా వల్ల 2020, 2021లో భక్తులు లేకుండా ఆలయంలోనే కల్యాణం చేశారు. ఆ రెండేళ్లూ జనానికి టీవీ తెర ఒక్కటే మిథిలా స్టేడియం. 2024లో లోక్‌సభ ఎన్నికల కోడ్ ఉండటంతో ప్రత్యక్ష ప్రసారానికి ఎన్నికల సంఘం ముందు ఒప్పుకోలేదు. ప్రభుత్వం మళ్లీ కోరాక కల్యాణానికి ముందు అనుమతి ఇచ్చింది. పట్టువస్త్రాలు తెచ్చే ప్రభుత్వ ప్రతినిధి తెర మీద ఎంతసేపు కనిపిస్తారన్నది కూడా ఎన్నికల విషయమేనని ఆ వివాదం తేల్చింది.

పండగ అయ్యాక కెమెరాలు వెళ్లిపోతాయి. మళ్లీ వచ్చేది గోదావరి పొంగినప్పుడే.

స్టూడియో హైదరాబాద్‌లో, వార్త ఏజెన్సీలో

1995 ఆగస్టులో ఈటీవీ, 2003 డిసెంబరులో ఈటీవీ-2, 2004లో టీవీ9 వచ్చాక తెలుగు వార్త 24 గంటల పని అయింది. దాంతో 'ఆన్ ఎయిర్ స్టాఫ్' అనే మాటకే అర్థం మారింది. స్టూడియోలో కూర్చున్న యాంకర్ ఒక్కరే కాదు, చర్ల రోడ్డు మీద గొడుగు పట్టుకుని ఫోనులో మాట్లాడే స్ట్రింగర్ కూడా ఆన్ ఎయిరే. తేడా జీతంలో ఉంది. మండలాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లు చాలామందికి నెల జీతం ఉండదు. స్టోరీకి ఇంత అని ఇస్తారు. బండి, పెట్రోలు, కెమెరా సొంతం. అటు మావోయిస్టు కరపత్రం, ఇటు పోలీసు ప్రకటన.. రెండూ ముందు చేరేది వీళ్లకే. రెండు వైపుల అనుమానం పడేదీ వీళ్ల మీదే.

ఒకప్పుడు లైవ్ అంటే ఓబీ వ్యాన్ రావాలి. ఇప్పుడు వీపు సంచిలో పట్టే పరికరం నాలుగైదు సిమ్‌లను కలిపి బొమ్మను స్టూడియోకు పంపేస్తుంది. అయితే దానికి సెల్ టవర్ ఉండాలి. సరిహద్దు అడవిలో సిగ్నల్ లేని ఊళ్లలో ఏదైనా జరిగితే కొండెక్కి వీడియో పంపే దాకా అది వార్త కాదు.

పట్టణాల్లో లోకల్ కేబుల్ న్యూస్ వేరే కథ. ఖమ్మం, కొత్తగూడెం లాంటి చోట్ల మున్సిపాలిటీ నీళ్లు, మార్కెట్ యార్డులో మిర్చి ధర, బడి వార్షికోత్సవం చూపించేది ఆ ఛానెళ్లే. యాంకర్ పక్క వీధి అమ్మాయే అయి ఉంటుంది. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో ఇలాంటి కేబుల్ ఛానెళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. ఒక ఆపరేటర్ ఇచ్చే మొత్తం ఛానెళ్లలో ఇవి 5 శాతం మించకూడదు. కేబుల్ వైరు లేని గూడేలకు మాత్రం ఈ లోకల్ న్యూస్ కూడా లేదు. అక్కడ 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్షే దిక్కు. నెలవారీ బిల్లు లేని డిష్ కాబట్టి పెంకుటింటి మీదా, పూరిగుడిసె పక్కనా అది కనిపిస్తుంది.

2014: గీత ఎక్కడ పడింది?

తెలుగు ఉపగ్రహ ఛానెల్‌కు 2003లో సప్తగిరి అని పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ పేరు విజయవాడకు వెళ్లింది. హైదరాబాద్ కేంద్రం ఛానెల్ యాదగిరి అయింది. ఒకటి తిరుమల ఏడుకొండలు, ఇంకొకటి యాదగిరిగుట్ట. రెండు రాష్ట్రాల గీత మీద నిలబడ్డ భద్రగిరి పేరు ఎవరికీ రాలేదు.

అసలు దెబ్బ పేరులో లేదు. పోలవరం ముంపు కారణంగా 2014 మేలో ఆర్డినెన్స్, జులైలో పార్లమెంటు ఆమోదంతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఆసుపత్రి, సంత, బస్టాండు, గుడి.. అన్నీ భద్రాచలంలో. కలెక్టర్, సాయం, పునరావాస ప్యాకేజీ ఆంధ్రలో. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయ్యాక ఇటువైపు జిల్లా కేంద్రం కూడా మారింది.

వార్తల్లోనూ అదే చీలిక. హైదరాబాద్ బులెటిన్‌కు కూనవరం పక్క రాష్ట్రం. విజయవాడ బులెటిన్‌కు అది రాష్ట్రం చివర మూల. ఇద్దరికీ దూరమే.

2022 జులైలో ఇది బయటపడింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు 16 నాటి 75.6 అడుగుల తర్వాత ఇదే పెద్ద వరద. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఛానెళ్లన్నీ రోజంతా భద్రాచలం నీటిమట్టం స్క్రోలింగ్ వేశాయి. కానీ గోదావరి ఎగదన్నడంతో శబరి నీళ్లు వెనక్కి కొట్టి మునిగిన కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు ఊళ్ల బొమ్మలు ఆలస్యంగా వచ్చాయి. కొలత భద్రాచలంలో, మునక అవతల. ఆ వరద తగ్గకముందే ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తెలంగాణకు తిరిగి ఇవ్వాలన్న మాట మళ్లీ రాజకీయ చర్చ అయింది.

కోయ మాటకు చోటెక్కడ?

1983 నుంచి ఇక్కడికి చేరిన టీవీ వార్త తెలుగులోనే ఉంది. ఏజెన్సీలో చాలా ఇళ్లలో మొదటి భాష కోయ. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 4 లక్షలకు పైగా జనం కోయను మాతృభాషగా చెప్పారు. యువతరానికి తెలుగు బాగానే వచ్చు. వరద హెచ్చరిక అందాల్సిన ముసలివాళ్లకు మాత్రం 'ప్రవాహ ఉధృతి', 'ముంపు ప్రభావిత ప్రాంతాలు' అనే బులెటిన్ తెలుగు కొరుకుడు పడదు. ఖమ్మం జనానికే అది ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు.

దారి లేదని కాదు. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోన్‌లోనే గోండి లాంటి భాషల్లో వార్త చెప్పించింది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. ఊరి మనిషి తన గొంతుతో బోరింగు చెడిపోయిందనో, కూలి రాలేదనో చెబుతాడు. స్టూడియో, మేకప్, టవర్ ఏవీ అక్కర్లేదు.

టవర్ల కాలం ఎలాగూ ముగిసింది. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2021, 2022 ప్రాంతంలో దేశమంతా దాదాపుగా మూసేసింది. ఇప్పుడు యాదగిరి అయినా సప్తగిరి అయినా డిష్, కేబుల్, ఫోన్ ద్వారా చూడాల్సిందే. డిష్‌కు రాష్ట్రాల గీత తెలియదు. చింతూరులో యాదగిరి, భద్రాచలంలో సప్తగిరి రెండూ వస్తాయి. వరదల సీజన్‌లో ఏ ఛానెల్ పెట్టినా చూడాల్సిన అంకెలు అవే. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది.